కారుకు కారవాన్ (కారు వెనక లాగే ఇల్లులాంటి బండి) తగిలించేటప్పుడు హిచ్ దగ్గర చూసుకోవాల్సినవి

• కారు, హిచ్ (కారు వెనక బిగించే లాగుడు అమరిక), బాల్ (హిచ్ మీది ఇనుప గుండు), కప్లర్ (ఆ గుండును పట్టుకునే కారవాన్ ముందు కొస): అన్నిటికీ బరువు పరిమితులు ఉంటాయి. వాటిలో తక్కువదే మీ పరిమితి. హిచ్ గట్టిదైతే కారు సామర్థ్యం పెరిగిపోదు.

• బాల్ మీద పడే బరువే అసలు కీలకం. తగ్గితే కారవాన్ వెనక అటూఇటూ ఊగుతుంది, వేగంలో అది చాలా ప్రమాదం. ఎక్కువైతే కారు వెనక కుంగి, ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది. అందుకే సామానంతా సర్దాక, నీళ్ల ట్యాంకు నింపాక తూకం వేయించండి. బరువైనవి కారవాన్ ఇరుసు దగ్గర, కిందే పెట్టండి.

• బాల్ సైజు కప్లర్‌కు సరిపోవాలి.

• లాక్ వేశాక జాకీతో కారవాన్ ముందుభాగం కాస్త ఎత్తండి. దాంతోపాటు కారు వెనక కూడా లేస్తేనే కప్లర్ పట్టుకున్నట్టు. దయచేసి ఇది మానొద్దు.

• చివరగా గొలుసులు, లైట్లు, బ్రేకు వైరు కూడా చూసుకోండి.