సెల్లార్‌లో చెక్కపని: తప్పు పనిముట్టుదా, గదిదా?

సీమలో నెమ్ము ఎక్కడిది, ఇక్కడ తాగేనీళ్లకే కరువు కదా అనుకుని సెల్లార్‌లో పనిబల్ల వేసుకుంటారు చాలామంది. ఏప్రిల్, మే నెలల్లో ఆ నమ్మకం నిజమే అనిపిస్తుంది. కర్నూల్లో పైన ఎండ నలభై దాటి కాస్తుంటే కింద చల్లగా, పొడిగా, హాయిగా ఉంటుంది. వానలు మొదలయ్యాక అసలు సంగతి బయటపడుతుంది. చిత్రిక పట్టే తోపడాకు తుప్పు, బిగుసుకుపోయిన సొరుగులు, మాటిమాటికీ పడిపోయే ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్చు). వెంటనే పనిముట్టును తిడతాం, లేదంటే కట్టె అమ్మినవాణ్ణి. సెల్లార్ తంటాల్లో చాలావరకు గది వల్ల వచ్చేవే. కొత్త మెషిన్ కొనేముందు గదిని చూడండి.

తోపడా అడుగున, ఉలి మీద, రంపం బల్ల మీద తుప్పు

తేమ రెండు దారుల్లో వస్తుంది. గోడలోంచో నేలలోంచో ఊరుతుంది, లేదా గాలిలో ఉన్న తేమ చల్లటి గోడ మీద, ఇనుము మీద పేరుకుంటుంది. ఒకదానికి చేసే వైద్యం రెండోదానికి పనికిరాదు కాబట్టి ముందు ఏదో తేల్చుకోవాలి. రెండడుగుల పాలిథిన్ కవరు ముక్కను నేల మీద పరిచి నాలుగు అంచులూ టేపుతో గట్టిగా అంటించండి. గోడకు కూడా ఇంకొకటి. ఒకట్రెండు రోజులాగి చూడండి. కవరు కింద తడి ఉంటే అది భూమిది, పైన తడి ఉంటే గాలిది. మన ఇళ్లలో నేలకు బేతంచెర్ల బండలో కడప బండలో ఉంటాయి కాబట్టి కవరును బండ మధ్యలో కాకుండా సందు మీదుగా పరచండి. నెమ్ము ముందుగా వచ్చేది ఆ సందుల్లోంచే.

భూమి తడి అని తేలితే, అది ఎప్పుడు పెరుగుతోందో గమనించండి. వాన పడిన మర్నాడు పెరిగితే మిద్దె మీది నీళ్ల గొట్టం పునాది పక్కనే దిగుతోందేమో, పెరటి వాలు ఇంటివైపు ఉందేమో చూడాలి. కేసీ (కర్నూలు-కడప) కాలువకు నీళ్లు వదిలినప్పుడల్లా పెరిగితే, కాలువ దగ్గరి ఇళ్లకు భూగర్భజలం పైకొస్తోందని అర్థం. వానా కాలువా లేకుండా ఏడాది పొడుగునా ఉంటే సంపునో, బాత్రూం పైపునో అనుమానించండి. రాత్రి సంపు నింపి, లోపలికి వచ్చే నీళ్లు కట్టేసి, మట్టానికి గీత పెట్టుకోండి. ఎవరూ మోటారు వేయకముందే పొద్దున చూస్తే తెలిసిపోతుంది.

గొట్టాన్ని దూరంగా మళ్లించడం, వాలు సరిచేయడం, సంపు పగులు పూడ్చడం, ఈ బయటి పనులే అసలు మందు. గోడకు తెల్లగా తేలిన చౌడును గీకేసి పెయింట్ వేస్తే వెనక ఉన్న నీరు ఆ పెయింట్‌ను పొక్కులుగా తోసేస్తుంది. లోపలినుంచి వేసే సిమెంట్ రకం వాటర్‌ప్రూఫింగ్ ఉంది. దాన్ని బయట పనులయ్యాకే ఆలోచించండి. కాలువ ఊటకు మాత్రం బయట చేయగలిగింది తక్కువ, అక్కడ ఈ పూతే దిక్కు.

గాలి తడి అయితే మనం అలవాటుగా చేసే పనే ఎదురు తిరుగుతుంది. గాలి ఆడాలని ముసురు రోజుల్లో కిటికీలు బార్లా తెరిస్తే ఆ తడిగాలే చల్లటి గోడకు తగిలి నీరవుతుంది. ముసురులో మూసి ఉంచండి, పొడిగా ఉన్న రోజు తెరవండి. ఇంకొక మాట: ఉక్కగా ఉందని నీళ్ల కూలర్‌ను సెల్లార్‌లో పెట్టకండి. అది చల్లబరిచేదే గాలికి తేమ కలిపి. చెక్కకూ ఇనుముకూ అంతకంటే శత్రువు లేదు. మామూలు ఫ్యాను చాలు. చవకగా దొరికే తేమ మీటరు ఒకటి గోడకు తగిలించి, 60 శాతం దాటకుండా చూసుకోండి. పనయ్యాక ఉలికీ తోపడాకూ కుట్టుమిషన్ నూనె పల్చగా రాయండి. రంపం బల్లకు కొవ్వొత్తి రుద్దితే తుప్పూ పట్టదు, కట్టే నున్నగా జారుతుంది.

కింద బాగున్న పెట్టె, పైకి తెచ్చాక పగిలింది

సీమ ఇళ్లలో అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టేది ఇదే. చెక్క చుట్టూ ఉన్న గాలిని బట్టి తేమ పీల్చుకుంటుంది, వదులుతుంది. 80 శాతం తేమ ఉన్న గాలిలో ఎక్కువ రోజులుంటే చెక్కలో తేమ 15, 16 శాతం దగ్గర స్థిరపడుతుంది. 30 శాతం గాలిలో 6 శాతానికి దిగుతుంది. అడుగు వెడల్పున్న టేకు పలక ఆ తేడాకు అడ్డంగా 5, 6 మిల్లీమీటర్లు తగ్గగలదు. పొడవులో మాత్రం దాదాపు కదలదు. సెప్టెంబరులో సెల్లార్‌లో బిగించిన పెట్టెను మే నెలలో పై గదిలో చూస్తే, నాలుగు వైపులా ఫెవికాల్‌తో కట్టేసిన పలక ముడుచుకునే వీల్లేక పగిలి ఉంటుంది.

అందుకే పలకలను ముందు కొన్ని వారాలు ఆ వస్తువు ఉండబోయే గదిలోనే పెట్టండి. కొయ్యడానికి మాత్రమే కిందికి దించండి. వెడల్పు పలకను ఫ్రేము గాడిలో జిగురు లేకుండా వదులుగా కూర్చోబెట్టండి. బల్లపైభాగాన్ని స్క్రూలతో బిగిస్తే రంధ్రాన్ని అడ్డంగా కాస్త సాగదీయండి. ఇంత తలనొప్పి వద్దంటే ప్లైవుడ్ వాడండి, అది కదిలేది చాలా తక్కువ.

పాత మిద్దెలు పడగొట్టినప్పుడు వచ్చే దూలాలు, దంతెలు ఏళ్ల తరబడి ఆరిన కట్టె. నా దృష్టిలో సామిల్లులో దొరికే పచ్చి టేకు కంటే అదే మేలు. ఒకటే చిక్కు, లోపల విరిగిన మేకులుంటాయి. అయస్కాంతంతో అంగుళం అంగుళం తడిమాకే బ్లేడు కింద పెట్టండి. సన్నటి రంధ్రాల్లోంచి పిండి రాలుతుంటే పుచ్చు ఇంకా బతికే ఉన్నట్టు, దాన్ని సెల్లార్‌లోకే రానివ్వకండి. కట్టెను నేల మీద పరచకుండా, గోడకు ఆనించకుండా, అడ్డకర్రల మీద గాలి ఆడేలా పేర్చండి. చెదలు వచ్చినా కంటపడతాయి.

ఎంసీబీ పడిపోతోంది

ఎప్పుడు పడుతోందో చూడండి, సగం జవాబు అక్కడే ఉంది.

స్విచ్ వేసిన క్షణంలోనే పడితే అది మోటారు మొదలయ్యేటప్పుడు లాగే అదనపు కరెంటు. ఇళ్లలో లైట్లకు వాడే బి రకం ఎంసీబీ తన రేటింగుకు 3 నుంచి 5 రెట్ల కరెంటుకే టక్కున పడుతుంది. సి రకం 5 నుంచి 10 రెట్ల దాకా ఆగుతుంది. అదే ఆంపియర్లలో సి రకం వేయమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి. ఆంపియర్లు పెంచితే ఎంసీబీ పడదు, గోడలో వైరు కాలుతుంది.

పది నిమిషాలు కోశాక పడితే లోడు ఎక్కువైనట్టు. బ్లేడు మొద్దుబారి ఉండొచ్చు, లేదా అదే లైన్ మీద నీళ్ల మోటారు కూడా ఉండొచ్చు. మెషిన్లకు బోర్డు నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరుతో విడి లైన్, 16 ఆంపియర్ల సాకెట్ పెట్టించుకోండి.

పడేది ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) అయితే కరెంటు ఎక్కడో భూమిలోకి లీకవుతోంది. తడి సాకెట్, మోటారులో నిండిన పొట్టు, తెగిన వైరు, వీటిలో ఏదో ఒకటి. విసుగొచ్చి దాన్ని తప్పించి కనెక్షన్ ఇచ్చేవాళ్లున్నారు. నెమ్ము నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి పనిచేసే చోట ప్రాణం కాపాడేది అదొక్కటే.

ఏదీ పడకుండా మోటారు మూలుగుతుంటే ఎక్స్‌టెన్షన్ వైరును చూడండి. 1 చదరపు మిల్లీమీటరు వైరు 30 మీటర్లు లాగితే, మోటారు స్టార్టయ్యే క్షణంలో 40 ఆంపియర్లకు 40 వోల్టుల దాకా దారిలోనే పోతాయి.

బోర్డులు ఛాతీ ఎత్తులో, సెల్లార్ మెయిన్ స్విచ్ పై అంతస్తులో ఉండాలి. 2009 అక్టోబరు వరదల్లో తుంగభద్ర, హంద్రీ కర్నూలు ఊళ్లోకి వచ్చినప్పుడు చూసినవాళ్లకు ఎందుకో చెప్పనక్కర్లేదు.

కోసిన అంచు మాడింది, కట్టె వెనక్కి తన్నింది

ముందు రంపం బల్ల ప్లగ్గు పీకండి. బ్లేడుకు అంటిన జిగురు కడగండి. తర్వాత ఒక పంటికి గుర్తు పెట్టి, దాన్ని ముందుకు తిప్పి ఫెన్స్ (కట్టెను ఆనించి తోసే పట్టీ) దాకా దూరం కొలవండి, అదే పంటిని వెనక్కి తిప్పి మళ్లీ కొలవండి. వెనక దూరం తక్కువైతే కట్టె నలుగుతోంది, ఫెన్స్ సరిచేయాలి. కోసిన సందు మూసుకుపోకుండా బ్లేడు వెనకుండే చీలిక పట్టీని విప్పి మూలన పడేసి ఉంటే తిరిగి బిగించండి.

ఫ్యాను తిరుగుతున్నా దుమ్ము పోవట్లేదు

గాలి బయటికి పోవాలంటే అంత గాలీ లోపలికి రావాలి. తలుపు మూసి ఎగ్జాస్ట్ వేస్తే అది ఊరికే తిరుగుతుంది. తలుపు పక్కనే ఎగ్జాస్ట్ ఉన్నా లాభం లేదు, తలుపులోంచి వచ్చిన గాలి అటే పోతుంది. ఎదురు గోడకు ఒక దారి ఉండాలి. కంటికి కనిపించే పొట్టు కంటే కనపడని సన్న దుమ్మే ఊపిరితిత్తులకు చేటు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క దుమ్మును క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టింది. తువాలు కట్టుకుంటే సరిపోదు, ఎన్95 మాస్కు వేసుకోండి. నున్నటి బండల మీద పొట్టు పడితే కాలు జారుతుంది, మెషిన్ ముందు రబ్బరు చాప వేయండి.

పాలిష్ తెల్లగా పాలిపోయింది, తల దిమ్ముగా ఉంది

థిన్నర్ త్వరగా ఆవిరవుతూ చెక్క పైభాగాన్ని చల్లబరుస్తుంది. తడిగాలిలో అయితే అక్కడ నీరు పేరుకుని తెల్లమచ్చలు వస్తాయి. థిన్నర్ ఆవిరి గాలి కంటే బరువు కాబట్టి సెల్లార్ అడుగునే నిలిచి ఉంటుంది, తల దిమ్మెక్కేది దానివల్లే. మోటారు నిప్పురవ్వ ఒక్కటి చాలు అంటుకోవడానికి. పాలిష్ పని మిద్దె మీద, పొడి రోజు, నీడపట్టున చేసుకోండి. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే రాజుకోగలవు. తీగ మీద ఆరేయండి.

ప్లైవుడ్ షీటు మెట్ల మలుపులో ఇరుక్కుంది

8 అడుగుల షీటును అంగట్లోనే ముక్కలు చేయించి తెచ్చుకోండి. కిందనే బీరువా బిగించాలనుకుంటే దాన్ని పైకి మోసే దారిని, మలుపులో తల తగిలే ఎత్తుతో సహా, ముందే టేపుతో కొలవండి. పట్టదనిపిస్తే భాగాలుగా చేసి, పై గదిలో స్క్రూలతో బిగించుకోండి.