రేసింగ్ బైక్ మోడల్: తప్పు కనిపించేది ఒకచోట, పుట్టేది ఇంకోచోట

పోయిన కార్తీకంలో ఒక ముసురు సాయంత్రం, కొర్లగుంటలో మా మేడమీది గదిలో కూర్చుని యమహా వైజెడ్‌ఆర్-ఎం1 అనే మోటోజీపీ రేసు బండి ప్లాస్టిక్ మోడల్ ఫెయిరింగ్‌కి, అంటే బండిని కప్పే తొడుగుకి, నీలం ల్యాకర్ రంగు కొట్టాను. దుమ్ము పడకుండా పైన ఒక డబ్బా బోర్లించి పడుకున్నాను. పొద్దున ఆ డబ్బా ఎత్తిన మా అన్న కొడుకు, "చిన్నాయనా, నిన్న నీలంగా ఉండె గదా, ఇట్ల తెల్లగా పాలిపోయిందేమి?" అన్నాడు. నిజంగానే పాలపొడి చల్లినట్టుంది. రంగు పాడైందనుకుని అంతా కడిగేసి, కొత్త సీసా తెరిచి ఆ రాత్రే మళ్లీ కొట్టాను. మళ్లీ అదే తెలుపు. రెండు సీసాలూ మంచివే. చెడ్డది ఆ సాయంత్రాల గాలి.

1/12 స్కేలు, అంటే అసలు బండిలో పన్నెండో వంతు సైజు బైకులు కట్టేవాళ్లం తిరుపతి, చిత్తూరు వైపు కొద్దిమందిమే. ఎక్కడైనా ఇరుక్కుంటే పక్కవీధిలో అడగడానికి మనిషి దొరకడు. అందుకే నా చేతుల్లో చెడి, మళ్లీ బాగుపడ్డ పనులను రాస్తున్నాను. మచ్చ కనబడగానే దాన్ని రుద్దడం మొదలుపెట్టకండి. దానికి ముందు రెండు మూడు పనులు ఏ వరుసలో, ఎలాంటి వాతావరణంలో చేశారో గుర్తు తెచ్చుకోండి. కారణం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

ఆరిన రంగు తెల్లగా మసకబారింది

ల్యాకర్‌లోని థిన్నర్ చాలా వేగంగా ఆవిరవుతుంది. ఆవిరవుతూ ముక్క పైభాగాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ చల్లని పొర మీద సన్నగా నీరు పట్టి, ఆరుతున్న రంగులో చిక్కుకుంటుంది. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు కాబట్టి ఈ బాధ ఆ నెలల్లోనే ఎక్కువ. తలుపులకు, బీరువాలకు మెరుగు పెట్టే పాలిష్ మేస్త్రీలకు ఇది బాగా తెలుసు. ముసురు పట్టిన రోజు ల్యాకర్ పని పెట్టుకోవద్దని నాకు మొదట చెప్పింది వాళ్లే.

నాలా కడిగేయకండి. పొడి రోజు చూసుకుని, లేదా ఏసీ వేసి గదిలో తేమ తగ్గాక, ఆరడాన్ని నెమ్మది చేసే రిటార్డర్ కలిసిన లెవెలింగ్ థిన్నర్ ఒక్కటే, గాలితో రంగు చల్లే ఎయిర్‌బ్రష్‌లో పోసి పలచగా, మంచు పడ్డట్టు ఒక దఫా కొట్టండి. పై పొర కాస్త మెత్తబడి, లోపలి తేమ బయటికి పోతుంది. మూడోసారి నా ఫెయిరింగ్ ఇలాగే దక్కింది. టేబుల్ లైటు కింద పెట్టి చూస్తుంటే ముందు అంచుల దగ్గర తెలుపు కరిగింది, తర్వాత మధ్యలో నీలం మెల్లగా పైకి తేలింది. అంత బాగుందని రెండో దఫా వెంటనే కొట్టకండి, రంగు కారిపోతుంది. కంప్రెసర్ గొట్టానికి నీటిని పట్టే ట్రాప్ ఉందో లేదో కూడా చూసుకోండి. వానాకాలంలో అది లేకపోతే గొట్టంలో చేరిన నీటిచుక్కలు నేరుగా ఫెయిరింగ్ మీద పడతాయి. థిన్నర్ కొట్టేటప్పుడు కిటికీ తెరిచి, ఆవిర్లను ఆపే ఫిల్టర్ ఉన్న మాస్కు పెట్టుకోవాలి. గుడ్డ మాస్కు దీనికి పనికిరాదు.

రంగు మీద వేలు రాస్తే గరుకుగా తగులుతోంది

ఇది ఎండాకాలపు జబ్బు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటితే రంగు తుంపర ముక్కను చేరేలోపే సగం ఆరిపోయి పొడిలా వాలుతుంది. ఎయిర్‌బ్రష్ దూరంగా పట్టుకున్నా ఇదే జరుగుతుంది. 2000 నంబరు వాటర్ పేపర్‌ని తడిపి గరుకు పోయేదాకా తేలిగ్గా రుద్ది, పొద్దున ఆరు, ఏడు గంటల మధ్య కాస్త దగ్గరి నుంచి మళ్లీ కొట్టండి. ఫెయిరింగ్ అంచుల దగ్గర రుద్దకండి. అక్కడ రంగు పలచన, క్షణంలో ప్లాస్టిక్ బయటపడుతుంది.

డికాల్ కింద వెండిలా మెరుస్తోంది

రేసింగ్ బైక్‌కి అందం ఇచ్చేవి స్పాన్సర్ల పేర్లు, నంబర్లే. నీళ్లలో నానబెట్టి అతికించే ఆ పలచని స్టిక్కర్లే డికాల్‌లు. రేసర్ వాలెంటినో రోసీ బండి అంటే 46 కనబడాలి. ఆ నంబరు చుట్టూ ఉండే పారదర్శకపు పొర తెల్లగా మెరిసిందంటే అంత కష్టమూ వృథా అయినట్టే. డికాల్ అతికించిన చోట రంగు మెరుపు లేకుండా, గరుకుగా ఉంటే ఆ గుంతల్లో గాలి మిగిలిపోతుంది. మనకు కనబడే మెరుపు ఆ గాలిదే. అంటే తప్పు డికాల్ పెట్టేనాటిది కాదు, అంతకు ముందు నున్నగా మెరిసే గ్లాసీ కోటు వేయకపోవడం వల్ల వచ్చింది.

ఇప్పటికే అతికించేసి ఉంటే, మెరిసే చోట సన్నని సూదితో నాలుగైదు చిన్న పోట్లు పొడిచి, డికాల్ సాఫ్ట్‌నర్ ఒక్క చుక్క పెట్టి వదిలేయండి. కాసేపటికి డికాల్ ముడతలు పడి భయపెడుతుంది. ముట్టుకోవద్దు, ఆరేకొద్దీ దానంతట అదే సాపుగా దిగుతుంది. గాలి ఇంకా ఉంటే మర్నాడు మళ్లీ చేయండి. ట్యాంకు వంపుల్లో, ముక్కు దగ్గర డికాల్ కూర్చోకపోతే వేడినీళ్లలో ముంచి పిండిన కాటన్ బడ్‌తో మధ్య నుంచి అంచుకు ఒత్తితే దిగుతుంది.

మన ఊళ్లో ఇంకో చిక్కు ఉంది. మా బోరు నీళ్లలో డికాల్ నానబెడితే ఆరాక అంచుల చుట్టూ తెల్లటి ఉప్పు గీత మిగులుతుంది. చాలా రోజులు నేను దాన్ని కూడా గాలి మెరుపే అనుకుని సూదితో పొడిచాను. గుర్తుపట్టడం సులువు: తడి బడ్‌తో తుడిస్తే పోయేది ఉప్పు, పోనిది గాలి. అప్పటి నుంచి బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరే వాడుతున్నాను.

పైన క్లియర్, అంటే రంగులేని పై పూత, కొట్టగానే డికాల్ ముడుచుకుందంటే మొదటి దఫానే తడిగా కొట్టారని అర్థం. ల్యాకర్ క్లియర్ డికాల్‌ని కొరికేస్తుంది. ముందు రెండు మూడు దఫాలు పొడిపొడిగా పట్టించి, అవి ఆరాకే తడి దఫా కొట్టాలి. ఒకసారి ముడుచుకున్న డికాల్‌ని తిరిగి సాపు చేసే దారి నాకు దొరకలేదు. రుద్ది తీసేసి కొత్తది పెట్టడమే.

చివర్లో ఫెయిరింగ్ మూసుకోవడం లేదు

అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే. ఇంజిన్ అయిపోయింది, రేడియేటర్ కూర్చుంది, వైర్లు అందంగా వచ్చాయి. తీరా ఫెయిరింగ్ తొడిగితే ఒక పక్క రెండు మిల్లీమీటర్లు తెరుచుకునే ఉంటుంది. అప్పుడు చాలామంది బలంగా నొక్కి జిగురు పోస్తారు. అలా నొక్కిన ఫెయిరింగ్ కొన్నాళ్లకు జిగురు దగ్గర విడిపోతుంది, లేదా పగులుతుంది.

ఎక్కడ తగులుతోందో ముందు కనిపెట్టాలి. సుద్దముక్క మెత్తగా నూరి నీళ్లలో చిక్కగా కలిపి, అనుమానం ఉన్న చోట్ల, అంటే రేడియేటర్ అంచు, క్లచ్ కవరు, ఎగ్జాస్ట్ వంపు మీద కుంచెతో కొంచెం రాయండి. తడి ఉండగానే ఫెయిరింగ్ తొడిగి తీయండి. లోపలివైపు తెల్ల ముద్ర ఎక్కడ పడిందో అక్కడే తగులుతున్నట్టు. తడిగుడ్డతో తుడిస్తే సుద్ద పోతుంది. నా బండిలో ముద్ర నేను అనుకున్న ఇంజిన్ మీద పడనే లేదు, రేడియేటర్ గొట్టానికి నేను అదనంగా చుట్టిన క్లిప్పు దగ్గర పడింది. ఆ క్లిప్పు తీసేస్తే ఫెయిరింగ్ టక్కున కూర్చుంది.

ముద్ర ఎక్కడా పడకపోతే గూటాలు, రంధ్రాలు చూడండి. ప్రైమర్, రంగు, క్లియర్ కలిసి వాటిని బిగుతు చేస్తాయి. గూటం మీది రంగు బ్లేడుతో గీకేస్తే సరి. తర్వాతి బండికి మాత్రం రంగు వేయకముందే మాస్కింగ్ టేపుతో ఒకసారి మొత్తం తొడిగి చూసుకోండి. ఈ ఒక్క పూట ఓపిక చాలా రాత్రుల నిద్ర కాపాడుతుంది.

చిన్నచిన్నవి

విండ్‌స్క్రీన్ మీద పొగ పట్టింది: సూపర్ గ్లూ ఆవిరి. పాలిషింగ్ కాంపౌండ్‌తో రుద్దితే చాలావరకు పోతుంది. అక్కడ తెల్ల ఫెవికాల్ పలచగా రాస్తే చాలు, ఆరాక అద్దంలా ఉంటుంది.

గీతల్లో ఎనామెల్ నలుపు పోశాక ఫ్రేమ్ విరిగింది: రంగు లేని ప్లాస్టిక్‌లోకి, అందులోనూ స్క్రూ బిగించిన చోట, ఎనామెల్ థిన్నర్ ఇంకితే అది పెళుసవుతుంది. ముందు ల్యాకర్ పొర ఉండాలి. విరిగిన చోట ప్లాస్టిక్ మోడళ్లు అతికే పలచని సిమెంట్ జిగురు పోసి ఒక రోజు కదపకండి.

క్రోమ్ ముక్క అతుక్కోవడం లేదు: జిగురు పైపూతకే పట్టింది, ప్లాస్టిక్‌కి చేరలేదు. అతికే చోట క్రోమ్ గీకండి.

బండి ఒక పక్కకు ఒరిగింది: ఫోర్క్ కాళ్లు రెండూ సమాంతరంగా లేవు. వంటగది గ్రానైట్ బండ మీద చక్రాలతో సహా నిలబెట్టి, జిగురు గట్టిపడకముందే ముందు నుంచి, పై నుంచి చూసి సరిచేయాలి.

బ్రేక్ గొట్టాలు ఊడుతున్నాయి, లావుగా కనబడుతున్నాయి

అసలు బండిలో బ్రేక్ గొట్టం 6 మిల్లీమీటర్లు ఉంటే 1/12 స్కేలులో అది 0.5 మిల్లీమీటరే. అంతకంటే బాగా లావైన గొట్టం బండి మీద పైపులా కనబడుతుంది. గొట్టానికి చుట్టుకునే గుణం ఉంటుంది కాబట్టి జిగురు ఎంత పోసినా లాగేస్తుంది. గోరువెచ్చని నీళ్లలో ఉంచి తిన్నగా చేయండి, లోపల సన్నని రాగి తీగ దూర్చండి, గొట్టం చేరే బ్రేక్ కాలిపర్‌కి చిన్న రంధ్రం చేసి ఆ తీగ కొసను అందులో దించండి. తీగే పట్టి ఉంచుతుంది, జిగురు నామమాత్రానికి చాలు.

సైలెన్సర్, డిస్కులు బొమ్మవిలా ఉన్నాయి

దీనికి మందు సీసాలో లేదు, అలిపిరిలో ఉంది. ఘాట్ రోడ్డు దిగి ఆగిన బైకుల దగ్గర ఒక అరగంట నిలబడండి. స్టీలు సైలెన్సర్ పైపు ఇంజిన్ నుంచి బయటికి వచ్చే చోట చూడండి: బాగా వేడెక్కిన దగ్గర నీలం, దాని పక్కన ఊదా, ఇంకా దూరంగా ఎండుగడ్డి రంగు, ఆ తర్వాత మామూలు లోహం. టైటానియం పైపుల మీదా వరుస అదే. మోడల్‌లో చాలామంది దీన్ని తిరగేస్తారు, లేదా నీలాన్ని గట్టి గీతలా కొడతారు. క్లియర్ ఆరెంజ్ వెడల్పుగా, దాని మీద క్లియర్ బ్లూ సన్నగా, రెండూ చాలా పలచగా కొడితే కలిసిన చోట ఊదా దానంతట అదే వస్తుంది. మోటోజీపీ 2002లో ఫోర్‌స్ట్రోక్‌ల వైపు మళ్లకముందటి 500 సీసీ టూస్ట్రోక్ బండి కడుతుంటే, ఉబ్బిన ఎగ్జాస్ట్ ఛాంబర్ల మీద వెల్డింగ్ అతుకుల వెంట కూడా ఈ రంగు కొంచెం రావాలి.

డిస్కుల విషయంలో మాత్రం అలిపిరి బైకులను నమ్మకండి. అవి స్టీలువి, అందుకే మెరుస్తాయి. మోటోజీపీ బండ్లు పొడి ట్రాక్ మీద కార్బన్ డిస్కులు వాడతాయి. 2023 సెప్టెంబరులో బుద్ధ్ సర్క్యూట్‌లో జరిగిన రేసు చూసినవాళ్లు ఆ ముదురు బూడిదరంగు గమనించే ఉంటారు. వాటికి వెండి రంగు వేస్తే బండి మొత్తం రోడ్డు బైక్ అయిపోతుంది. వరల్డ్ సూపర్‌బైక్ మోడల్ అయితే స్టీలు రంగే సరైనది.

టైర్లు

నడిమధ్యన అచ్చు గీత మిగిలిందా? 400 నంబరు కాగితంతో చక్రం తిరిగే దిశలోనే రుద్దండి. మెరుపు కూడా పోయి, రేసు తిరిగొచ్చిన స్లిక్‌లా, అంటే గాడులు లేని రేసు టైరులా కనబడుతుంది.

అద్దాల బీరువాలో పెట్టిన బండి ముందు టైరు కొన్ని నెలలకు కింది రంగును పట్టుకుని ఊడబెరుకుతుంది. మెత్తటి వినైల్‌లోని ప్లాస్టిసైజర్ మెల్లగా బయటికి వచ్చి రంగును, ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. మన వేడికి అది ఇంకా త్వరగా జరుగుతుంది. నా పాత బండి ఒకదాని కింద చెక్కకు వేసిన నల్లరంగు టైరుతో పాటే లేచి వచ్చింది. ఇప్పుడు ఎం1 ముందు చక్రం కింద గోరంత అల్యూమినియం రేకు ముక్క పెట్టాను, పైకి కనబడదు. ఒక ఎండాకాలం గడిచింది, కింద రంగు చెక్కుచెదరలేదు.