కల కాలేజీకి 18 లక్షలు, మా చేతిలో 6

ఇంటర్ మొదలైనప్పటి నుంచి మా అమ్మాయి పక్క రాష్ట్రంలోని ఒక ప్రైవేటు యూనివర్సిటీ పేరే జపించింది. సీటూ వచ్చింది. ఫీజు, హాస్టల్ కలిపి లెక్కేస్తే నాలుగేళ్లకు 18 లక్షలు. "ఈరోజే అడ్వాన్స్ కట్టేయండి సార్" అని రోజుకు రెండు ఫోన్లు. ఆ టెన్షన్‌లో కట్టేసేవాణ్ణే, మా ఆవిడ ఆపింది.

"అక్కడ నీకేం నచ్చిందమ్మా?" అని అడిగాను.

"రోబోటిక్స్ ల్యాబ్ నాన్నా. ఇంకా... హాస్టల్." రెండోదే అసలు కారణమని నా అనుమానం!

ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ సైట్‌లో కిందటేడాది ఏ కాలేజీలో ఏ ర్యాంకు వరకు సీటు వచ్చిందో చూపే జాబితా ప్రింట్ తీసి, స్కేలు పెట్టి ఒక్కో వరుసా చూశాం. హైదరాబాద్ జేఎన్‌టీయూ క్యాంపస్ అందదు. కానీ సుల్తాన్‌పూర్, జగిత్యాల, మంథనిలో కూడా జేఎన్‌టీయూ సొంత కాలేజీలున్నాయని నాకు అప్పుడే తెలిసింది.

కావాల్సిన కాలేజీల్ని వరుసగా ఆన్‌లైన్‌లో ఎంచుకునే వెబ్ ఆప్షన్లలో మాత్రం పొరపాటు చేశాను. ఎలాగూ రావని మంచివి వదిలేసి, వచ్చేవే పైన పెట్టాను. పైన పెట్టినది రాకపోతే కిందిది పోదు, అందుకే ఇష్టమైన వరుసలోనే ఇవ్వాలి. ఫ్రీజ్ చేసే ముందు రాత్రి కూర్చుని మొత్తం మార్చాం.

సుల్తాన్‌పూర్‌లో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్ బ్రాంచి) వచ్చింది. ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చేంత తక్కువ ఆదాయం కాదు మాది, అయినా ఖర్చు మా చేతిలో ఉన్న 6 లక్షల్లోనే సర్దుకునేలా ఉంది. మా అమ్మాయి రెండు రోజులు అలిగి, మూడో రోజు హాస్టల్‌కి ఆవకాయ సీసా సర్దమంది.