గొడవా, తగాదా, కొట్లాటా: బెంగళూరు తెలుగువారు ఏ మాట ఎక్కడ వాడాలి

మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు అపార్టుమెంట్లలో గోదావరి జిల్లాలవారు, కరీంనగర్ వారు, అనంతపురం వారు, తరాలుగా బెంగళూరులోనే స్థిరపడిన తెలుగువారు ఒకే అంతస్తులో కాపురం ఉంటారు. పార్కింగ్ దగ్గరో నీళ్ల ట్యాంకర్ డబ్బుల దగ్గరో ఇద్దరు అరుచుకుంటే ఆ సంగతిని ఒక్కొక్కరు ఒక్కో మాటతో చెబుతారు. విన్నవారు దానిని తమ ప్రాంతపు అర్థంలో తీసుకొని, జరిగినదానికంటే పెద్దదిగానో చిన్నదిగానో ఊహించుకుంటారు. కాబట్టి సంఘం సమావేశంలో చెప్పాలన్నా, ఫిర్యాదు రాయాలన్నా ముందుగా ఒక విషయం తేల్చుకోవాలి: వ్యవహారం నోటితో ఆగిందా, చేతిదాకా వచ్చిందా?

చిక్కంతా ఇక్కడే ఉంది. గోదావరి జిల్లాల్లో "దెబ్బలాడుకున్నారు" అన్నప్పుడు ఒక్క దెబ్బ కూడా పడి ఉండకపోవచ్చు. అన్నదమ్ములు అరగంటసేపు అరుచుకున్నా అది దెబ్బలాటే. తెలంగాణలో కొట్లాట అనే మాట నోటి పోరుకూ చెల్లుతుంది, హక్కుల కోసం సాగే పోరాటానికీ చెల్లుతుంది. మిగిలిన చోట్ల కొట్లాట అనగానే దెబ్బలు పడ్డాయనే అనుకుంటారు. అందుచేత నాలుగు ప్రాంతాలవారు వినే చోట ఈ రెండు మాటలనూ పక్కన పెట్టి, "అరుచుకున్నారు", "తిట్టుకున్నారు", "కొట్టుకున్నారు" అని జరిగినదానిని జరిగినట్టు క్రియతోనే చెప్పడం మేలు.

పోలీసు ఫిర్యాదులో ఈ జాగ్రత్త మరీ అవసరం. బహిరంగ స్థలంలో ఇద్దరో అంతకంటే ఎక్కువమందో కొట్టుకొని ప్రజాశాంతికి భంగం కలిగించడం భారతీయ న్యాయ సంహిత 194వ సెక్షన్ కింద నేరం. దానికి నెల వరకు జైలు, 1000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. నోటి రగడను కొట్లాట అని చెప్పి మరొకరిచేత కన్నడంలో రాయిస్తే, అది కాగితం మీద "హొడెదాట" (దెబ్బలు పడిన కొట్లాట) అయి కూర్చుంటుంది.

ఆ తరువాత చూడవలసినవి వేడి, కాలం. చిన్న విషయాలకు మాటిమాటికీ పడే పేచీ కీచులాట. ఒక పూటలో రేగి చల్లారేది గొడవ. గట్టు దగ్గరో ఆస్తి దగ్గరో పుట్టి ఏళ్ల తరబడి నలిగేది తగాదా. నిన్న సాయంత్రం లిఫ్టులో జరిగినదానికి ఆ పేరు పెడితే అతకదు. వాగ్వాదం, ఘర్షణ, రభస పత్రికల మాటలు. వాటిలో మొదటిది సమావేశం మినిట్స్‌లో చక్కగా ఒదుగుతుంది, మిగిలిన రెండూ అతిగా ఉంటాయి. లొల్లి, పంచాయితీ అనే తెలంగాణ మాటలు ఇప్పుడు అందరికీ తెలుసు గానీ రాతలో వెటకారంగా ధ్వనించవచ్చు. కుమ్ములాటను రాజకీయ పార్టీలకే వదిలేయవచ్చు.

అయితే ఈ పేర్లకంటే వాటి వెనుక వచ్చే క్రియలే ఎక్కువ పని చేస్తాయని నా అభిప్రాయం. "గొడవపడ్డారు" అంటే ఇద్దరికీ అందులో పాలు ఉంది. "గొడవ చేశాడు" అంటే తప్పంతా ఒకడిదే. "గొడవ పెట్టుకున్నాడు" అంటే కయ్యానికి కాలు దువ్వినవాడెవడో చెప్పేసినట్టే. మధ్యవర్తిగా కూర్చున్నవారు ఈ మూడింటినీ తప్పించి "మాటా మాటా పెరిగింది" అనాలి. ఆ వాక్యంలో కర్త మాటే గనుక ఏ ఇంటివారూ నొచ్చుకోరు. ఇంటి పెద్దలతో వచ్చిన తేడా గురించి చెప్పేటప్పుడు "మామగారితో పోట్లాడాను" అనడంకంటే "మామగారికీ నాకూ మాట పట్టింపు వచ్చింది" అనడం మర్యాద.

ఇక కన్నడ ఇరుగుపొరుగు సంగతి. మన గొడవే వారి "గొడవె" అనుకోకూడదు. వారి మాటకు జోక్యం, ప్రమేయం అని అర్థం. "ననగె అదర గొడవె బేడ" అంటే దానితో నాకు పని వద్దు అని చెప్పడం. మనం "ఆ గొడవ నాకెందుకు" అన్నప్పుడు కూడా ఈ ఛాయ కనిపిస్తుంది. పోట్లాటకు వారు వాడే మాట "జగళ". మన జగడం దానికి దగ్గరి చుట్టం. "గలాటె"లో మాత్రం అల్లరి, చప్పుడు, తగువు అన్నీ కలిసి ఉన్నాయి. పిల్లలు ఆడుకుంటూ ఉండగా కింది ఇంటావిడ వచ్చి "గలాటె మాడబేడి" అన్నారంటే ఆవిడ పోట్లాటకు రాలేదు, చప్పుడు తగ్గించమని అడుగుతున్నారు, "మేమేం గలాటా చేశామండీ?" అని ఎదురు తిరగకుండా, "ఆయితు" (సరే) అని చెప్పి పిల్లలను లోపలికి పిలుచుకుంటే సరిపోతుంది.