ప్రశ్నావళిలో ఆల్ఫా విలువ తగ్గినప్పుడు ఏం చూడాలి

తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనో మహిళా విశ్వవిద్యాలయంలోనో పరిశోధన చేస్తూ, తిరుమల యాత్రికుల సంతృప్తిని కొలిచే ప్రశ్నావళి తయారుచేశారనుకుందాం. క్రాన్‌బాక్ ఆల్ఫా (ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో చెప్పే సంఖ్య) 0.45 అని తక్కువగా వచ్చిందంటే, ఏ ప్రశ్నను తీసేస్తే విలువ పెరుగుతుందో చూపే పట్టికవైపే చూపు పోతుంది. ప్రశ్నలు తీసేయడం చిట్టచివర చేయవలసిన పని.

ముందు డేటాను పరిశీలించాలి. జవాబు లేనిచోట వేసిన 99 అనే కోడ్ నిజమైన మార్కుగా లెక్కలోకి వెళ్లిందేమో చూడాలి. తర్వాత వ్యతిరేకార్థపు ప్రశ్నలు. "క్యూలో చాలా ఇబ్బంది పడ్డాను" అన్న వాక్యానికి 5 (పూర్తిగా అంగీకరిస్తాను) వేసినవారు అసంతృప్తితో ఉన్నట్టు. కనుక 1 నుంచి 5 వరకు ఉన్న స్కేలులో ఆ మార్కును 6 లోంచి తీసివేసి, తిప్పిన విలువనే వాడాలి. ఆల్ఫా సున్నా కన్నా తక్కువ వస్తే చాలాసార్లు ఈ పని మరిచిపోవడమే కారణం. తిప్పిన తర్వాత కూడా ఆ ప్రశ్న మిగతావాటితో పొసగకపోతే వాక్యాన్నే అనుమానించాలి. "గదిలో ఏ అసౌకర్యమూ కలగలేదు" అన్నదానికి "అంగీకరించను" అని చెప్పాలంటే రెండు వ్యతిరేకాలను మనసులో సరిచూసుకోవాలి. అలిపిరి మెట్లెక్కి అలసివచ్చిన పెద్దవారిని అంత శ్రమపెట్టడం న్యాయం కాదు; "గది సౌకర్యంగా ఉంది" అని సూటిగా అడగాలి.

ప్రశ్నల సంఖ్య కూడా ఆల్ఫాను మారుస్తుంది. ప్రశ్నల మధ్య సగటు సహసంబంధం (ఒక ప్రశ్నకు వచ్చే మార్కు మరో ప్రశ్న మార్కుతో ఎంతగా కలిసి నడుస్తుందో చెప్పే విలువ) 0.3 ఉంటే, 5 ప్రశ్నలకు ఆల్ఫా సుమారు 0.68, 10 ప్రశ్నలకు 0.81 వస్తుంది. అందుకని ఒకే మాటను పలు రకాలుగా తిప్పి అడిగి విలువ పెంచుకోవడం కొలతను మెరుగుపరచదు. ప్రశ్నలు తక్కువగా ఉన్న ప్రశ్నావళి అయితే సగటు సహసంబంధాన్నీ నివేదికలో చూపడం మేలు.

దర్శనం ముగించుకొని బయటికి వస్తున్నవారిని మాత్రమే అడిగి, దాదాపు అందరూ 5 వేస్తే, మనుషుల మధ్య తేడా మిగలక సహసంబంధాలు పడిపోతాయి. అప్పుడు నమూనాను, అంటే జవాబులిచ్చేవారి ఎంపికను, విస్తరించాలి.

గది, క్యూ, అన్నప్రసాదం వేర్వేరు అనుభవాలు. కారక విశ్లేషణలో (ఏ ప్రశ్నలు కలిసి ఒక గుంపుగా ఏర్పడతాయో చూపే గణాంక పద్ధతిలో) అవి విడివిడిగా తేలితే ఒక్కోదానికి వేరే ఆల్ఫా లెక్కించాలి. ఏయే వసతులు అందాయో లెక్కపెట్టే జాబితాకైతే ఆల్ఫా అసలు తగిన కొలమానం కాదు.

ఇవన్నీ చూశాక కూడా ఒక ప్రశ్న అడ్డుగా ఉంటే, అర్థపరంగా దాన్ని ఎందుకు వదులుతున్నారో రాసి తీసేయాలి. ఆపైన కొత్త నమూనాతో మళ్లీ లెక్కించాలి, ఎందుకంటే పాత డేటాలో పెరిగిన విలువ యాదృచ్ఛికంగా వచ్చినదీ కావచ్చు.