చైనా వడ్రంగం – 4వ పాఠం: చట్రంలో కదిలే పలక

పోయిన పాఠంలో కుసి (చెక్క కొసన సన్నగా చెక్కిన భాగం), బెజ్జం (ఆ కుసి దూరే రంధ్రం) కుదర్చడం నేర్చుకున్నాం. ఈసారి బల్ల పైభాగం చేద్దాం. మింగ్ కాలపు (1368–1644) బల్లలు, కుర్చీ పీటలు, బీరువా తలుపులు ఎక్కువగా ఈ పద్ధతి మీదే నిలిచాయి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం ఇదే.

వానాకాలంలో తలుపు బిగుసుకుపోవడం, ఎండలకు వదులవడం మనకు తెలిసిందే. చెక్క వెడల్పులో ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. పొడవులో దాదాపు మారదు. బీజింగ్‌లో వేసవి తేమగా, చలికాలం బాగా పొడిగా ఉంటుంది. అందుకే అక్కడి పనివాళ్లు పలకను బిగించరు. చుట్టూ చట్రం కట్టి, దాని లోపలి అంచున గాడి తీసి, పలక అంచున పలచగా తీసిన నాలుకను అందులో వదులుగా కూర్చోబెడతారు.

చట్రంలో పొడుగు చెక్క 'దాబియన్', పొట్టి చెక్క 'మోతౌ'. కుసి దాబియన్‌కి, బెజ్జం మోతౌకి. మూలలు 45 డిగ్రీల కోతతో కలుస్తాయి కాబట్టి పైనుంచి చూస్తే సన్నని ఏటవాలు గీత ఒక్కటే కనిపిస్తుంది.

అసలు నేర్పు పలక అడుగున ఉంది. దాన్ని తిరగేసి, నారకు అడ్డంగా ఒక గాడి తీయాలి. గాడి నోరు ఇరుకు, అడుగు వెడల్పు. అదే ఆకారంలో చెక్కిన 'చువాన్‌దాయ్' అనే పట్టీని పక్కనుంచి దూర్చాలి. గాడి ఒక కొస నుంచి ఇంకో కొసకు వెంట్రుకవాసి సన్నబడాలి. పట్టీ మొదట చేత్తోనే జారుతుంది, చివరి రెండు వేళ్ల దూరం కొడతి (చెక్క సుత్తి) దెబ్బలకు బిగుస్తుంది. ఆ దెబ్బ చప్పుడు మారడం వినండి, అక్కడ ఆపేయాలి. పలక వంగకుండా ఈ పట్టీ పట్టుకుంటుంది, వెడల్పు మారడానికి మాత్రం అడ్డుపడదు.

జిగురు వద్దు. నేను మొదటిసారి నమ్మకం చాలక గాడి నిండా జిగురు పూశాను. ఎండలు ముదిరేసరికి పలక నడిమధ్య నిలువునా చీలింది. ఆ చీలిక చూసినప్పుడే ఈ పద్ధతి నాకు నిజంగా అర్థమైంది.

సాధన: 20 సెంటీమీటర్ల వెడల్పు టేకు పలక తీసుకోండి. దాబియన్ల వైపు గాడిలో ఒక్కో పక్క మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర ఖాళీ ఉంచండి. ఎండాకాలంలో చేస్తుంటే ఇంకాస్త ఎక్కువ, ముసురు రోజుల్లో అయితే తక్కువ. ముందు రెండు దాబియన్లను పలకకు, పట్టీ కొసలకు ఎక్కించండి. తర్వాత మోతౌలను చివరల నుంచి దింపండి. మూలలు బిగిశాక పలకను బొటనవేళ్లతో పక్కకు నెట్టి చూడండి. కొంచెం జరిగితే కుదిరినట్టే.

వచ్చే పాఠంలో ఈ చట్రానికి కాళ్లు కలుపుదాం.