శుక్రవారం యూదు గెస్టులు దిగితే రూమ్ ఎలా రెడీ చెయ్యాలి
గోపాల్‌పూర్‌లో రూములిచ్చే మన బరంపురం తెలుగోళ్లకి చెప్తున్నా, షబ్బాత్ (పనులు మానేసే వాళ్ల వారపు విశ్రాంతి రోజు) పాటించే యూదులొస్తే శుక్రవారం పొద్దుగూకకముందే పనులన్నీ అయిపోవాలి, సూర్యాస్తమయానికి ఓ 18 నిమిషాల ముందు దీపాలు వెలిగించారంటే ఇక శనివారం రాత్రి మూడు చుక్కలు కనపడేదాకా స్విచ్ ముట్టరు. కార్డు తాళం వద్దు, మామూలు తాళంచెవే ఇవ్వండి. బాత్రూం లైటు వేసే ఉంచి స్విచ్ మీద టేపు అంటించండి. అసలు తిరకాసు ఫ్రిజ్‌తోనే, తలుపు తీస్తే బల్బు వెలుగుతుంది కదా, ముందే విప్పేయండి (ఓసారి నేను మర్చిపోయా, పాపం రోజంతా చల్లనీళ్లు లేవు వాళ్లకి). "లైటు వెయ్యి" అని మనకి చెప్పడం కూడా వాళ్లకి మామూలుగా కుదరదు, అందుకే ఏవి ఆన్‌లో ఉండాలో ముందే అడిగేసుకోండి. మన గిన్నెల్లో వండింది పెట్టకండి, అరటిపళ్లు ఇవ్వండి చాలు.